చూపుకు అలవాటు, చేతికి అలవాటు

ఉగాండాలోని బ్విండి అడవిలో కొండ గొరిల్లాల కుటుంబాన్ని గంటసేపు చూడాలంటే విదేశీయులు 800 డాలర్లు కట్టాలి. పక్కనున్న రువాండాలో అయితే 1500 డాలర్లు. అక్కడ విమానం టికెట్టు కలపకుండానే లక్ష రూపాయలు దాటిపోతుంది. మన కొండగట్టు అంజన్న గుడి దగ్గర కోతుల కుటుంబాన్ని చూడటానికి పైసా అక్కర్లేదు. చేతిలో కొబ్బరి చిప్ప ఉంటే మనం వెతుక్కుంటూ పోయే పని కూడా లేదు, అవే వస్తాయి. గొరిల్లాలను చూసొచ్చినవాళ్లు ఫోన్ తీసి ఫొటోలు చూపిస్తారు. గుట్ట దిగొచ్చినవాళ్లలో కొందరు చిరిగిన సంచి చూపిస్తారు.

రెండుచోట్లా ఉన్నవి అడవి జంతువులే. రెండూ మనిషిని చూసి పారిపోవడం మానేసినవే. తేడా అంతా ఆ భయం ఎలా పోయిందన్న దగ్గర ఉంది. గొరిల్లాలకు అక్కడివాళ్లు మనిషి చూపును అలవాటు చేశారు. కోతులకు మనం మనిషి చేతిని అలవాటు చేశాం. కరీంనగర్, ఆదిలాబాద్ పాత జిల్లాల్లో మక్క చేనుకు మంచె కట్టుకుని కూర్చున్న రైతు పడుతున్న గోసలో అడవి తరుగుదల పాలు ఎంతుందో, ఈ అలవాటు పాలు కూడా అంతే ఉందని నా అభిప్రాయం.

ముందు గొరిల్లాల సంగతి. కొండ గొరిల్లాలు భూమ్మీద రెండే చోట్ల ఉన్నాయి. ఒకటి రువాండా, ఉగాండా, కాంగో సరిహద్దులు కలిసే విరుంగా అగ్నిపర్వతాల వరస. రెండోది బ్విండి. ఏ జంతుప్రదర్శనశాలలోనూ ఇవి కనబడవు. అక్కడ మనం చూసేవి పల్లపు అడవుల గొరిల్లాలు. 1967లో డయాన్ ఫాసీ అనే అమెరికన్ పరిశోధకురాలు విరుంగాలో కరిసోకే అనే శిబిరం పెట్టుకుని వీటి మధ్య ఏళ్ల తరబడి గడిపింది. 1970లో పీనట్స్ అనే మగ గొరిల్లా తనంతట తానే చెయ్యి చాచి ఆమె చేతిని తాకింది. గొరిల్లా అంటే మనుషుల్ని చీల్చే రాక్షసి అని సినిమాలు చెప్పిన కాలంలో ఆ ఫొటో ప్రపంచాన్ని కదిలించింది. అయినా వేట ఆగలేదు. ఆమెకు ప్రాణప్రదమైన డిజిట్ అనే మగ గొరిల్లాను 1977 చివరి రోజున వేటగాళ్లు చంపేశారు. 1985 డిసెంబరులో ఆమె కూడా ఆ శిబిరంలోనే హత్యకు గురైంది.

1980ల మొదట్లో విరుంగాలో మిగిలినవి 250 చిల్లర. అప్పటికే రువాండాలో పార్కు భూమిని ముక్కలు చేసి పైరెత్రం అనే పూలమొక్కల సాగుకు ఇచ్చేశారు, మరికొంత పశువుల మేతకు ఇద్దామనుకున్నారు. గొరిల్లా బతికి ఉంటేనే డబ్బు వస్తుందని చూపించకపోతే అడవి దక్కదని బిల్ వెబర్, ఎమీ వెడ్డర్ అనే పరిశోధక దంపతులకు అర్థమైంది. 1979లో మొదలైన మౌంటెన్ గొరిల్లా ప్రాజెక్టులో భాగంగా కొన్ని కుటుంబాలను సందర్శకులకు అలవాటు చేశారు. ఉగాండా 1993లో బ్విండిలో అదే మొదలుపెట్టింది.

అలవాటు చేయడం చెప్పినంత తేలిక కాదు. జాడ పట్టే ట్రాకర్లు రోజూ అదే గుంపు దగ్గరికి వెళ్లాలి. మొదట్లో గొరిల్లాలు పారిపోతాయి. కొన్నాళ్లకు వీపు మీద వెండి రంగు వెంట్రుకలున్న పెద్ద మగది ఎదురు తిరుగుతుంది. 160 కిలోలకు పైబడిన ఒళ్లు, అరుపు, గుండెలు బాదుకోవడం, చెట్టుకొమ్మలు విరిచి మీదికి దూకినట్టు రావడం. చాలాసార్లు అది ఉత్త బెదిరింపే. అయినా ఆ క్షణంలో కాళ్లు నిలవడానికి గుండె కావాలి. ట్రాకరు పరుగెత్తకూడదు. కింద కూర్చోవాలి, తల దించాలి, అందిన ఆకు తుంచి నములుతున్నట్టు నటించాలి. గొంతు సవరించుకున్నట్టు లోపలినుంచి గుర్రుమని శబ్దం చెయ్యాలి. కడుపు నిండా మేసి తీరిగ్గా కూర్చున్న గొరిల్లా చేసే చప్పుడు అది. 'నేనూ నీలాగే మేసేవాణ్ణే, నీ జోలికి రాను' అని దానికి అర్థం. ఇలా రోజూ, దాదాపు రెండేళ్లు. ఒకనాటికి మగది తలెత్తి చూసి మళ్లీ మేతలో పడిపోతుంది. అప్పటికి గాని ఆ గుంపు దగ్గరికి సందర్శకుల్ని తీసుకెళ్లరు.

ఆ రెండేళ్లలో ఒక్క అరటిపండు కూడా ఇవ్వరు. మొత్తం పద్ధతికి ఆయువుపట్టు అదే. మనిషి వచ్చినా గొరిల్లాకు లాభం లేదు, నష్టం లేదు. రాయి, చెట్టు ఎలాగో మనిషీ అలాగే.

ఆ తర్వాతి నియమాలన్నీ ఈ తటస్థత చెడకుండా పెట్టుకున్నవే. ఒక కుటుంబం దగ్గరికి రోజుకు ఒకే జట్టు, అందులో ఎనిమిది మంది. గంట మాత్రమే. ఏడు మీటర్ల దూరం అని చాలాకాలం ఉండేది, ఇప్పుడు పది అంటున్నారు. మూతికి మాస్కు. దగ్గు, జలుబు ఉంటే డబ్బు కట్టినా పంపరు. గొరిల్లా, మనిషి జన్యువులు 98 శాతం వరకు ఒకటే కాబట్టి మన జలుబు దానికి అంటుకుంటుంది, దాని ఒంట్లో ఆ జలుబును తట్టుకునే శక్తి ఉండదు. మనుషుల్లో మామూలు జలుబులా వచ్చిపోయే మెటాన్యూమోవైరస్ 2009లో రువాండాలో ఒక గొరిల్లా కుటుంబాన్ని పట్టి రెండింటి ప్రాణం తీసింది.

ఫలితం అంకెల్లో కనబడింది. విరుంగాలో 1967 నుంచి 2008 దాకా లెక్కలు చూసిన శాస్త్రవేత్తలు, మనుషులకు అలవాటైన గుంపులు ఏడాదికి 4 శాతం చొప్పున పెరిగాయనీ, అలవాటు కానివి తగ్గాయనీ తేల్చారు. రోజూ కాపలా మనుషులు పక్కనే ఉండటం, ఉచ్చు పడితే పశువైద్యులు వెంటనే వచ్చి విప్పడం కారణాలు. 2018లో ప్రకటించిన లెక్కలో మొత్తం కొండ గొరిల్లాలు వెయ్యి దాటాయి. ఆ ఏడాదే వీటిని అత్యంత ప్రమాద జాబితా నుంచి ఒక మెట్టు దించారు. మనిషికి దగ్గరి బంధువులైన పెద్ద వానరాల్లో సంఖ్య పెరుగుతున్నవి ఇవేనని చెప్పుకుంటారు.

అక్కడా అంతా సాఫీగా లేదు, అది కూడా చెప్పాలి. బ్విండిలో కొలిచి చూస్తే సందర్శకులు సగటున మూడు మీటర్ల లోపలికే వెళ్తున్నారని తేలింది. భయం పోయిన కుటుంబాలు కొన్ని అడవి దాటి రైతుల అరటితోటల్లో పడ్డాయి. ఎన్‌కురింగో అనే గుంపు ఇందుకు పేరుమోసింది. వాటిని వెనక్కి తోలడానికి ఊరివాళ్లే జట్లు కట్టాల్సి వచ్చింది. 2020లో ఆ గుంపు పెద్ద మగది రఫీకిని ఒక వేటగాడు ఈటెతో పొడిచి చంపాడు. తిండి పెట్టకుండా, కేవలం భయం పోగొడితేనే ఇంత తంటా. ఇక తిండి పెట్టి భయం పోగొడితే?

దీనికి జవాబు శాస్త్రవేత్తలకే ముందు తెలిసింది, ఎందుకంటే మొదట ఆ దారి పట్టింది వాళ్లే. 1950లలో జపాన్ పరిశోధకులు కోతుల్ని దగ్గరగా చూడటానికి చిలగడదుంపలు, గోధుమలు చల్లారు. కోతులు వచ్చాయి, పరిశోధన సాగింది, తకసాకియామా అనే కొండ పర్యాటక స్థలమైంది. అక్కడి కోతులు 200 చిల్లర నుంచి పాతికేళ్లలో 2000 దరిదాపులకు చేరి చుట్టుపక్కల పొలాల మీద పడ్డాయి. జేన్ గూడాల్ కూడా టాంజానియాలోని గోంబేలో చింపాంజీలకు అరటిపండ్లు పెట్టింది. పండ్ల పెట్టె దగ్గర కొట్లాటలు పెరిగాయి, బబూన్లు వచ్చి కలబడ్డాయి. అక్కడే పనిచేసిన రిచర్డ్ రాంగమ్ ఈ తిండికీ కొట్లాటకూ ఉన్న లంకెను 1974లో లెక్కలతో చూపించాడు.

ఆ లంకె ఏమిటో అర్థమైతే కోతి సంగతి సగం అర్థమైనట్టే. గొరిల్లా ఆకులు, కాడలు, దురదగొండి మొక్కలు, వెదురు మొలకలు తింటుంది. చుట్టూ ఎటు చూసినా తిండే. ఒకదాని ముందున్న ఆకును ఇంకొకటి లాక్కోవాల్సిన పని లేదు, పక్కకు తిరిగితే అదే ఆకు. పెళ్లి బంతిలో అందరి విస్తళ్లలో అన్నం వడ్డిస్తే ఎవరూ కొట్లాడరు; ఒక్క లడ్డూ మధ్యలో పెట్టి వెళ్లిపోతే అప్పుడు చూడాలి. కోతి పండ్లు వెతుక్కునే జంతువు. మర్రి పండిందంటే ఆ ఒక్క చెట్టు మీదే తిండి, దానికోసం పోటీ. అందుకే కోతుల సంఘంలో ఎవరు ముందు తినాలన్న వరస పుట్టుకతోనే ఖాయమై ఉంటుంది. మనం చేత్తో అందించే అరటిపండు ఆ మర్రిచెట్టు కన్నా ఘోరం. ఒక్కటే పండు, ఒక్కటే చెయ్యి, ఇరవై కోతులు. కొట్లాటకు ఇంతకన్నా మంచి ముహూర్తం ఉండదు.

ఇక మన నేలకు వద్దాం. ఆదిలాబాద్, కరీంనగర్ పాత జిల్లాల మధ్య గోదావరి పారుతుంది. బాసర నుంచి ధర్మపురి, మంచిర్యాల, మంథని మీదుగా కాళేశ్వరం దాకా మనకు అది పుష్కరాల నది, ఎత్తిపోతల నది. వానర శాస్త్రవేత్తలకు అది సరిహద్దు. మనం 'కోతి' అని ఒకే పేరుతో పిలిచేవి నిజానికి రెండు జాతులు. ఉత్తర భారతమంతా ఉండేది రీసస్ కోతి. దక్షిణాదికే పరిమితమైంది బోనెట్ కోతి, ప్రపంచంలో మరెక్కడా లేదు. పడమట తపతి, తూర్పున గోదావరి ఈ రెండింటికీ గట్టులాంటివని పాత పుస్తకాలు రాశాయి. అంటే ఆదిలాబాద్ ఒడ్డు రీసస్‌ది, కరీంనగర్ ఒడ్డు బోనెట్‌ది.

గుర్తుపట్టడం సులువు. రీసస్‌కు తోక పొట్టి, జానెడు లేదా కాస్త పైన. నడుము వెనకభాగం ఎర్రగా, నారింజ ఛాయలో ఉంటుంది. బోనెట్‌కు తోక ఒళ్లంత పొడుగు. నెత్తి మీద జుట్టు నడిమి పాపిట తీసినట్టు రెండు పక్కలకూ పరుచుకుని టోపీలా కనబడుతుంది. ఈసారి మీ ఇంటి పిట్టగోడ మీద కూర్చున్నదాన్ని తోక, నెత్తి చూసి ఏదో చెప్పండి. గోదావరికి దక్షిణాన పొట్టి తోక కనబడితే ఆశ్చర్యపోకండి. ఆ పాత గట్టు తెగింది. రామ్ కుమార్, సింధు రాధాకృష్ణ, అనింద్య సిన్హా 2011లో ప్రచురించిన అధ్యయనం రీసస్ కోతులు దక్షిణానికి చొచ్చుకొచ్చి బోనెట్ కోతుల చోటును ఆక్రమిస్తున్నాయని తేల్చింది. రీసస్ ఒళ్లు దిట్టం, గుంపు పెద్దది, తెగువ ఎక్కువ. కోతి దానంతట అది గోదావరి ఈదక్కర్లేదు. ఒక ఊళ్లో పట్టి లారీలో తెచ్చి ఇంకో ఊరి పొలిమేరలో రాత్రికి రాత్రి వదిలేసే మన పద్ధతి ఉందే, అది వంతెన కన్నా గట్టిది.

బోనెట్ కోతులు ఎక్కడ చూసినా ఉన్నాయి కదా, వాటికేం అనుకుంటాం. దక్షిణ కర్ణాటకలో పాతికేళ్ల తేడాతో లెక్కిస్తే అడవి బయట వాటి సంఖ్య 65 శాతానికి పైగా పడిపోయింది. రోడ్లు వెడల్పు చేయడానికి దారి పక్క మర్రి, జువ్వి చెట్లు కొట్టేయడం ఒక ముఖ్య కారణం. అంతర్జాతీయ జాబితాలో ఇప్పుడు అది ముప్పు ఉన్న జాతి. తరిమేయాలని మనం చూస్తున్న కోతుల్లో ఒకటి మన దక్షిణాదికే సొంతమైనది, తగ్గిపోతున్నది అన్న సంగతి కోతుల బెడద గురించి జరిగే ఏ సభలోనూ వినబడదు.

ఇప్పుడు ఒక కోతి కుటుంబం ముందు కూర్చుందాం, గొరిల్లా ముందు కూర్చున్నంత బుద్ధిగా. గుంపు మధ్య ఒక పెద్ద ఆడది కాళ్లు చాపుకుని కూర్చుంటుంది. ఇంకొకటి వెనకనుంచి దాని వీపు మీది వెంట్రుకలు రెండు చేతులా పాయలు తీసి, వేలి కొసతో ఏదో గిల్లి నోట్లో వేసుకుంటుంది. పేలు, చుండు పొరలు. గిల్లించుకునేదానికి కళ్లు మూతలు పడుతుంటాయి. ఈ పేలు చూడటమే వాటి లోకంలో అప్పు, వడ్డీ, పొత్తు అన్నీ. ఎవరు ఎవరికి ఎంతసేపు చూస్తున్నారో రాసుకుంటే ఆ గుంపులో ఎవరు పెద్దింటివాళ్లో తెలిసిపోతుంది.

పెద్దింటిది ఆడకోతే. బుగ్గలు పొంగిన గండు కోతిని చూసి అదే యజమాని అనుకుంటాం. మగవి వయసుకు రాగానే పుట్టిన గుంపు వదిలి వేరే గుంపులో చేరతాయి, కొన్నేళ్లుండి మళ్లీ మారతాయి. అక్కడే పుట్టి అక్కడే పోయేవి ఆడవి. అమ్మమ్మ, తల్లి, కూతురు, మనవరాలు అన్న తీగే గుంపుకు వెన్నెముక. తల్లి హోదా కూతురికి వస్తుంది. రీసస్‌లో ఇంకో తమాషా: అక్కచెల్లెళ్లలో చిన్నదానిదే పైచెయ్యి. జగడం వస్తే తల్లి ఎప్పుడూ చిన్నదాని పక్షం వహిస్తుంది కాబట్టి, పెరిగాక కూడా అక్కలు చెల్లెలికి దారి ఇవ్వాల్సిందే. ఈ సంగతులు చాలావరకు బయటపడింది మన దేశంలో కాదు. 1938లో క్లారెన్స్ కార్పెంటర్ అనే అమెరికన్ మన దేశం నుంచి 400కు పైగా రీసస్ కోతుల్ని ఓడలో తీసుకెళ్లి పోర్టోరికో దగ్గర కాయో శాంటియాగో అనే చిన్న దీవిలో వదిలాడు. వాటి మునిమనవరాళ్లను ఇప్పటికీ పేరుపేరునా లెక్క రాస్తున్నారు. మందుల పరీక్షలకు మన కోతుల్ని విదేశాలకు ఎగుమతి చేయడం 1978 దాకా సాగింది, ఆ ఏడాది నిషేధించారు.

గొరిల్లా ఇల్లు దీనికి తలకిందులు. అక్కడ ఇరుసు వెండి వీపు మగది. అది చస్తే కుటుంబం చెదురుతుంది, కొత్త మగది వస్తే పాలుతాగే పిల్లలకు ప్రాణగండం. మన దగ్గర ఈ పోలిక కోతిలో కన్నా కొండెంగలో కనబడుతుంది. నల్ల మొహం, బూడిద రంగు ఒళ్లు, బారెడు తోక. కవ్వాల్ అడవిలో టేకు చెట్ల కింద దుప్పులు మేస్తుంటే పైన కొమ్మల్లో ఇవి ఉంటాయి. సగం తిని పడేసిన చిగుళ్లు, కాయలు దుప్పులకు దక్కుతాయి. పులి వాసన దుప్పి పసిగడితే కొండెంగకు లాభం, పైనుంచి పులిని కొండెంగ చూస్తే దుప్పికి లాభం. కొండెంగ పొట్ట అరలు అరలుగా ఉంటుంది. అందులోని సూక్ష్మజీవులు ముదురు ఆకును కూడా పులియబెట్టి అరిగిస్తాయి. గొరిల్లాలా ఇదీ ప్రధానంగా ఆకు మేసేదే. గోదావరి దీన్నీ వదల్లేదు. నదికి ఉత్తరాన కొండెంగలు నడిచేటప్పుడు తోకను వీపు మీదుగా తల వైపు వంచుతాయి, దక్షిణాన వెనక్కి వంచుతాయి అని జంతుశాస్త్రజ్ఞులు సుమారు గీత గీశారు.

చాలా కొండెంగ గుంపుల్లో ఒకే పెద్ద మగది ఉంటుంది. బయటి మగవి దాడిచేసి దాన్ని తరిమితే, గెలిచింది పసిపిల్లల్ని చంపడం ఉంది. దీన్ని మొదట వివరంగా రాసింది 1960లలో ధార్వాడ్ అడవుల్లో తిరిగిన జపాన్ శాస్త్రవేత్త యుకిమారు సుగియామా. మౌంట్ ఆబూలో ఏళ్లపాటు చూసిన సారా హర్డీ దానికి కారణం విప్పింది. పాలిచ్చే తల్లి తొందరగా ఎదకు రాదు. పిల్ల పోతే వస్తుంది. కొత్త మగదానికి ఎన్నాళ్ల ఏలుబడి దక్కుతుందో తెలియదు కాబట్టి ఆగదు. మొదట్లో దీన్ని కిక్కిరిసిన గుంపుల్లో మతిచెడిన ప్రవర్తన అని కొట్టిపారేశారు. తర్వాత గొరిల్లాల్లో, సింహాల్లో కూడా అదే లెక్క కనబడింది.

ఈ కొండెంగను మనవాళ్లు కోతుల మీదికి ఉసిగొల్పే పోలీసుగా వాడారు. మెడకు తాడు కట్టి చేన్ల వెంట, ఆఫీసుల వెంట తిప్పారు. వన్యప్రాణి చట్టం కింద అది నేరం. ఆ తర్వాత కొండెంగ బొమ్మల ఫ్లెక్సీలు కట్టారు, పులి బొమ్మలు పెట్టారు. 2022లో ఒకప్పటి కరీంనగర్ జిల్లాలోని కోహెడ మండలంలో ఒక రైతు రోజుకు 500 రూపాయలు కూలి ఇచ్చి ఒక మనిషికి ఎలుగుబంటి వేషం వేయించి చేనులో తిప్పాడు. దేశమంతా నవ్వుకుంది. చేను పోయిన రైతుకు మాత్రం అది నవ్వులాట కాదు. కోతి ఒక మక్క కంకి పీకి రెండు పళ్లు గింజలు కొరికి పడేస్తుంది, ఇంకోటి పీకుతుంది. దవడ సంచులు నిండా కుక్కుకుని గట్టు మీద కూర్చుని తీరిగ్గా నములుతుంది. తిన్నదానికి మించి పాడుచేస్తుంది. పల్లి వేయడం మానుకున్న ఊళ్లున్నాయి. గూన పెంకులు పీకి ఇళ్లు కురిసేలా చేస్తే రేకులు వేసుకున్నవాళ్లున్నారు. పటాకులు, గులేరు, ఫ్లెక్సీ ఏదైనా సరే కొన్నాళ్లే. దేనివల్లా తనకు నిజంగా దెబ్బ తగలడం లేదని తెలిశాక కోతి భయపడదు. గొరిల్లా ట్రాకర్లు రెండేళ్లు కష్టపడి నేర్పే పాఠాన్నే మనం బొమ్మ పులితో పది రోజుల్లో నేర్పేస్తున్నాం.

అసలు కోతి అడవి ఎందుకు వదిలిందంటే, తిండి లేక. మర్రి, మేడి, తునికి, మొర్రి, రేగు ఉన్న చోట టేకు, నీలగిరి వరసలు వచ్చాయి. టేకు కలప గొప్పదే, కోతి దాన్ని తినదు. 2015లో హరితహారం మొదలైనప్పుడు వానలు వాపస్ రావాలె, కోతులు వాపస్ పోవాలె అన్న మాట ఊరూరా వినబడింది. కోతుల కోసం పండ్ల చెట్లు నాటారు. మంచిదే, కానీ ఒక్కటి ఆలోచించాలి. అడవిలో కోతికి పగలంతా తిండి వెతుక్కోవడంతోనే సరిపోతుంది. ఊళ్లో మక్క, బిస్కెట్, అన్నం పది నిమిషాల్లో అంతకు మించిన శక్తినిస్తాయి. మిగిలిన పొద్దంతా ఖాళీ. తిండి బలం ఉన్న ఆడ రీసస్ మూడు నాలుగేళ్లకే తల్లయి, దాదాపు ఏటా పిల్లను కంటుంది. గొరిల్లా తల్లికి కాన్పుకూ కాన్పుకూ మధ్య నాలుగేళ్లు పడుతుంది. ఈ లెక్కకు అలవాటు పడ్డదాన్ని మేడిపండు చూపించి వెనక్కి పిలవడం కష్టం. ఊళ్లో దొరికే తిండి ఆగాలి, అడవిలో తిండి పెరగాలి, రెండూ ఒకేసారి జరగాలి.

నిర్మల్ దగ్గర గండి రామన్న హరితవనంలో 2020 డిసెంబరులో కోతుల సంరక్షణ, పునరావాస కేంద్రం తెరిచారు. దక్షిణ భారతంలో ఇలాంటిది అదే మొదటిది. పట్టి తెచ్చిన కోతులకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి వదులుతారు. హిమాచల్‌ప్రదేశ్ 2006 ప్రాంతంలోనే ఈ దారి పట్టి లక్షన్నరకు పైగా కోతులకు ఆపరేషన్లు చేసింది. పద్ధతి సరైనదే, కానీ ఫలితం దక్కాలంటే గుంపులోని ఆడవాటిలో ఎక్కువభాగానికి చేయాలి. మగవాటికి ఎన్నింటికి చేసినా మిగిలిన ఒక్కటి చాలు. వదిలేటప్పుడు పట్టిన చోటే, పట్టిన గుంపులోనే వదలాలి. తల్లి తీగ తెంపి, దొరికిన పదింటిని వేరే మండలంలో వదిలితే ఇక్కడ ఖాళీ చోటు మిగిలినవి నింపుతాయి, అక్కడ ఇంకో ఊరికి కొత్త తంటా మొదలవుతుంది. వన్యప్రాణి చట్టానికి 2022లో చేసిన సవరణతో రీసస్ కోతి రక్షణ జాబితా నుంచి బయటికి పోయింది. బోనెట్‌కు రక్షణ ఇంకా ఉంది. ఏది పడుతున్నామో తోక చూసి పట్టాలన్నమాట, కానీ పట్టేవాళ్లకు ఆ తేడా చెప్పేవాళ్లు తక్కువ.

ఇక గుడుల సంగతి. బాలి దీవిలో ఉలువాటు అనే గుడి ఉంది. అక్కడి కోతులు భక్తుల కళ్లద్దాలు, ఫోన్లు ఎత్తుకుపోయి, తిండి ఇస్తే గాని తిరిగి ఇవ్వవు. 2021లో వచ్చిన పరిశోధన ప్రకారం పెద్ద కోతులు ఏ వస్తువుకు మనిషి ఎక్కువ ఆరాటపడతాడో కనిపెట్టి అదే ఎత్తుకుపోతాయి, తమకు నచ్చింది ఇచ్చేదాకా బేరం ఆడతాయి. ఎవరూ నేర్పలేదు. చెయ్యి చాచిన ప్రతి భక్తుడూ నేర్పాడు. కొండగట్టు, వేములవాడ, ధర్మపురి అంత దూరం పోలేదు. కానీ ప్లాస్టిక్ కవరు చప్పుడైతే పది తలలు తిరుగుతున్నాయంటే పాఠం సాగుతోందనే అర్థం.

ఈ పెద్ద హనుమాన్ జయంతికి అంజన్న గుట్ట ఎక్కేవాళ్లు కొన్ని పాటించండి. కొబ్బరి చిప్ప, అరటిపండు జిప్పున్న సంచిలో పెట్టుకోండి, చేత్తో అందించకండి. పుణ్యం కావాలంటే ఊరి బయట ఒక మేడి మొక్క నాటి మూడేళ్లు నీళ్లు పోయండి. కోతి కళ్లలోకి సూటిగా చూడకండి, దాని భాషలో అది సవాలు. పళ్లు కనబడేలా నవ్వుతూ సెల్ఫీ తీసుకోకండి. పిల్ల ఉన్న తల్లికీ పిల్లకూ మధ్యలోకి వెళ్లకండి. గొరిల్లాకు ఇచ్చే పది మీటర్లూ దీనికీ ఇవ్వండి. కరిచినా, గీరినా గాయాన్ని సబ్బుతో పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా వేయించుకోండి. పసుపు, సున్నం పెట్టి ఊరుకోవద్దు.